పెళ్లికూతురి ఫోటోలు: ముహూర్తానికి ముందా, తర్వాతా?

నేను తీసిన ఆల్బంలలో నాకే చూడబుద్ధి కానిది ఒకటుంది. "ఫోటోలు ముహూర్తం అయ్యాక తీరిగ్గా తీద్దాం లెండి, బాబాయిగారూ" అని పెళ్లికూతురి తండ్రికి భరోసా ఇచ్చింది నేనే. ముహూర్తం రాత్రి పదకొండున్నరకు. తలంబ్రాలు, సప్తపది, అరుంధతీ దర్శనం ముగిసేసరికి రెండు దాటింది. అప్పుడు ఆ అమ్మాయిని తీసుకెళ్లి పూలతో అల్లిన గోడ ముందు నిలబెట్టాను. జడలో పసుపు బియ్యం, హోమం పొగకు ఎర్రబడిన కళ్లు, పక్కకు జరిగిన పాపిటబిళ్ల. పొద్దున్నుంచి ఆమె తిన్నది ఒక అరటిపండు. "నవ్వమ్మా" అంటే పాపం నవ్వింది. ఆ నవ్వును పెద్దసైజు షీటు మీద అచ్చువేయించి వాళ్ల చేతికిచ్చాను.

కెమెరా మంచిదే, లెన్సు ఖరీదైనదే. తప్పు వేళది. అందుకే ఎవరైనా కొత్తగా పెళ్లిళ్లు తీయడం మొదలుపెట్టి "ఏ కెమెరా కొనమంటారు?" అని అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: పెళ్లికూతురు మీకు ఎప్పుడు, ఎంతసేపు దొరుకుతుంది? దానికి జవాబు తెలిస్తే చోటు తేలుతుంది, చోటును బట్టి వెలుగు, వెలుగును బట్టి లెన్సు. ఈ వరుసను తలకిందులు చేసినవాళ్లే ఎక్కువ డబ్బు ఖర్చుపెట్టి తక్కువ ఫోటోలు తెచ్చుకుంటారు.

నాలుగు వేళలు

తెలుగు పెళ్లిలో వధువును ఒంటరిగా, శ్రద్ధగా తీయడానికి నాలుగు అవకాశాలుంటాయి. అలంకరణ పూర్తయి గౌరీపూజకు పిలుపు రాకముందు ఒకటి. గౌరీపూజ జరుగుతుండగా రెండోది. మాంగల్యధారణ, తలంబ్రాలు అయ్యాక మూడోది. అసలు పెళ్లిరోజును వదిలేసి పెళ్లికూతుర్ని చేసిన రోజునో, తర్వాత సత్యనారాయణ వ్రతం రోజునో తీయడం నాలుగోది.

నా ఓటు మొదటిదానికే. ఆ సమయంలో కట్టిన చీర కుచ్చిళ్లు కత్తిరించినట్టుంటాయి, పూలజడ వాడదు, కళ్యాణతిలకం చెదరదు. పైగా నుదుటికి బాసికం ఇంకా కట్టి ఉండదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దగ్గరి ఫోటోలకు ఇదే కీలకం. బాసికం కట్టాక నుదురు సగం మూసుకుపోతుంది, పైనుంచి దీపం పడితే దాని నీడ కనుబొమ్మల మీదికి దిగుతుంది. ముఖాన్ని నిండుగా చూపించే ఫోటో కావాలంటే అంతకుముందే తీయాలి.

అయితే ఈ వేళకు ఒక శత్రువు ఉంది: ఆలస్యం. మేకప్, చీరకట్టు, జడ కలిపి మూడు గంటలంటారు, నాలుగు పడుతుంది. ఈలోగా పురోహితుడు "అమ్మాయిని తీసుకురండి" అని మైకులో పిలుస్తాడు, మీ నలభై నిమిషాలు ఐదుకు కుదించుకుపోతాయి. దీనికి నేను కనిపెట్టిన మందు ఒక్కటే. ముందురోజే మేకప్ చేసే ఆవిడతో మాట్లాడి, ముహూర్తం లెక్కన కాకుండా గౌరీపూజ లెక్కన వెనక్కి గుణించి, దానికి గంట ముందే అలంకరణ అయిపోయేలా ఒప్పించడం. తండ్రితో చెబితే మరిచిపోతారు, ఆయనకు లక్ష పనులు. పెళ్లికూతురి పిన్నితోనో, వదినతోనో చెప్పండి. ఆ గది తలుపు దగ్గర ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని ఆపాలో నిర్ణయించేది వాళ్లే.

గౌరీపూజ వేళను చాలామంది తక్కువ అంచనా వేస్తారు. అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంటుంది, చూపు అమ్మవారి మీద ఉంటుంది, కెమెరా వైపు చూడమని ఎవరూ అనరు. భంగిమలు పెట్టడం ఇష్టం లేని అమ్మాయి, కెమెరా చూడగానే బిగుసుకుపోయే అమ్మాయి అయితే మొదటి వేళకన్నా ఇదే మేలు. కింద కూర్చుని, ఆమె కళ్ల ఎత్తుకు కెమెరాను దించి తీయాలి. నిలబడి తీస్తే పాపిట తప్ప ఏమీ రాదు.

మూడోదాని సంగతి పైన చెప్పాను. పగటి ముహూర్తమైతే మాత్రం దాన్ని పూర్తిగా కొట్టేయలేం. ఉదయం తొమ్మిదింటి ముహూర్తం అయితే భోజనాలయ్యాక కాస్త విశ్రాంతి తీసుకుని, ముఖం సరిచేసుకుని, సాయంత్రపు ఎండలో తీయవచ్చు. సూర్యాస్తమయం మన దగ్గర మే నెలలో ఆరున్నర దాటాక, డిసెంబరులో ఆరు కాకముందే అవుతుంది. దానికి ముందు ముప్పావుగంట దొరికితే చాలు. వైశాఖ, జ్యేష్ఠాల్లో మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లాలనుకుంటే మాత్రం మానుకోండి. పట్టుచీర, వడ్డాణం, కాసులపేరు వేసుకుని ఆ ఎండలో పది నిమిషాలు నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది.

నాలుగోది ఎవరికంటే, అన్నవరం వంటి కొండ మీద, మంచి ముహూర్తం రోజున, పక్కపక్కనే బోలెడు పెళ్లిళ్లు జరుగుతుండగా చేసుకునేవాళ్లకు. అక్కడ గది దొరకదు, సమయం దొరకదు, గుడి లోపల కెమెరాలకు అనుమతి ఉండదు. ఇంటికొచ్చాక వ్రతం రోజున అదే చీర, అవే నగలతో అరగంట కేటాయించుకోవడం తెలివైన పని. పెళ్లికళ కాస్త తగ్గినా నిద్రపోయి లేచిన ముఖం ఉంటుంది.

ఒక మాట. బయటి దేశాల పెళ్లిళ్లు చూసి, ముహూర్తానికి ముందే వధూవరులను ఎదురెదురుగా తెచ్చి ఆ ఆశ్చర్యాన్ని ఫోటో తీద్దామని కొందరు ప్రతిపాదిస్తున్నారు. జీలకర్ర బెల్లం పెట్టేదాకా ఒకరినొకరు చూడకూడదనే పట్టింపు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. మనకు అడ్డుతెర ఉన్నదే అందుకు. ఆ ఆశ్చర్యం కావాలంటే తెర దించే క్షణం కోసం కాచుకుని ఉండండి.

గదా, తోటా, స్టేజీనా?

కళ్యాణమండపంలో పెళ్లికూతురి గది అంటే ఎలా ఉంటుందో తీసేవాళ్లందరికీ తెలుసు. తెరిచిన సూట్‌కేసులు, మంచం మీద చీరల గుట్ట, అద్దం ముందు సగం తాగిన కాఫీ గ్లాసులు, పైన ట్యూబులైటు, ఒక మూల పిన్నీసుల కోసం వెతుకుతున్న మేనత్త. అది చూసి హడలిపోయి "బయట లాన్‌లో తీద్దాం" అంటారు కొత్తవాళ్లు. నేను మాత్రం కిటికీ ఎక్కడుందో చూస్తాను.

కిటికీ ఉంటే, గది ఎంత గజిబిజిగా ఉన్నా, ఫోటో అక్కడే. మంచాన్ని రెండడుగులు జరిపి, ట్యూబులైటు ఆర్పేసి, అమ్మాయిని కిటికీకి ఒక మీటరు దూరంలో, ముఖం వెలుగు వైపు కొద్దిగా తిప్పి కూర్చోబెడితే చాలు. వెనకనున్న సామాను చీకట్లో కలిసిపోతుంది. ఎండ నేరుగా పడుతుంటే అక్కడున్నవాళ్ల తెల్లపంచె ఒకటి అడిగి కిటికీకి అడ్డం కట్టండి. దుకాణంలో అమ్మే తెర ఇంతకన్నా గొప్పగా ఏమీ చేయదు. ట్యూబులైటు ఎందుకు ఆర్పాలంటే, కిటికీ వెలుగు రంగు వేరు, లైటు రంగు వేరు. రెండూ కలిస్తే ఒక చెంప పసుపుగా, ఇంకో చెంప పాలిపోయినట్టుగా వస్తుంది. కంప్యూటర్‌లో ఒకదాన్ని సరిచేస్తే రెండోది చెడుతుంది. కొన్ని హాళ్లలో కిటికీలకు ఆకుపచ్చ అద్దాలు ఉంటాయి, అవి మరో ముప్పు. తలుపు తెరిచి వరండా వెలుగులో తీయడం అప్పుడు ఉత్తమం.

తోట గదికన్నా మేలయ్యేది రెండు సందర్భాల్లో. అమ్మాయి నగలకన్నా చీర ముఖ్యమనుకుంటే ఒకటి. గద్వాల చీర పెద్ద అంచు, ధర్మవరం కొంగు పూర్తిగా పరిచి చూపాలంటే గది సరిపోదు. కుటుంబంతో కలిపి తీయాల్సి వస్తే రెండోది. బయట కూడా చెట్టు నీడ అంచున నిలబెట్టండి. ఆకుల సందుల్లోంచి ఎండ పడే చోట వద్దు. ముఖం మీద మచ్చలు మచ్చలుగా వస్తుంది.

స్టేజీని నేను చివరికి ఉంచుతాను. అక్కడి వెలుగు మీ చేతిలో ఉండదు. ఊదా, నీలం రంగు లైట్లు చుట్టూ తిరుగుతుంటాయి, వెనక ఎల్‌ఈడీ తెర మీద మీరు అడగని రంగులు మారుతుంటాయి. షామియానా కింద పెళ్లయితే మరో తమాషా. పగటి ఎండ ఆ ఎర్ర గుడ్డలోంచి వడకట్టుకుని వచ్చి తెల్లని మధుపర్కాలను కూడా గులాబీ రంగు చేస్తుంది. అలాంటప్పుడు పందిరి అంచుకు, పక్క గుడ్డ లేని వైపుకు నాలుగడుగులు జరగమంటే చాలు, రంగు తిరిగి వస్తుంది.

ఫ్లాషా, వీడియో లైటా, ఉన్న వెలుగా?

పగలు, కిటికీ ఉన్నచోట, ఏ లైటూ వద్దు. ఇందులో చర్చ లేదు.

రాత్రి ముహూర్తానికి మాత్రం ఏదో ఒకటి కావాలి. వీడియోవాళ్ల లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి నీడ ఎక్కడ పడుతుందో ముందే కనిపిస్తుంది. కొత్తవాళ్లకు అది పెద్ద సౌకర్యం. కానీ ఆ లైటు గంటలకొద్దీ ముఖం మీద ఉంటే అమ్మాయి కళ్లు చిట్లిస్తుంది, చెమట పడుతుంది, తల దించేస్తుంది. దించిన తలను సిగ్గనుకుని మురిసిపోతారు చూసేవాళ్లు.

ఫ్లాష్ రెప్పపాటులో వెలిగి ఆరిపోతుంది కనుక ఆమెకు సుఖం. కానీ నేరుగా ముఖం మీద కొడితే నుదురు, ముక్కు మెరిసి, నగలన్నీ తెల్లటి చుక్కలైపోతాయి. బంగారం అందం దాని మెరుపులో లేదు, మెరుపు పక్కనున్న నీడలో ఉంది. కాసులపేరులో ఒక్కో కాసు మీది లక్ష్మీదేవి బొమ్మ కనబడాలంటే వెలుగు పక్కనుంచి రావాలి. ఫ్లాష్‌ను తెల్లని గోడకో, కప్పుకో కొట్టి తిప్పితే పని జరుగుతుంది. మండపం కప్పుకు బంతిపూలు, ఎర్ర గుడ్డలు కట్టి ఉంటే ఆ రంగే ముఖానికి దిగుతుందని మరిచిపోవద్దు. అక్కడ పక్కన ఒక చిన్న గొడుగు పెట్టి, ఫ్లాష్‌ను అందులోంచి వెలిగించడం మంచిది. అది పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. పెళ్లింట్లో పన్నెండేళ్ల పిల్లలకు కొదవ లేదు. ఒకడికి బాధ్యత అప్పగిస్తే పెళ్లి అయ్యేదాకా కదలడు.

చవక ఎల్‌ఈడీ లైట్లతో ఇంకో చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది (సెకనుకు 50 ఆవృత్తులు, ఒక్కోదానికి రెండు మిణుకులు) కాబట్టి అలాంటి లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టరు వేగం (కెమెరా తెర తెరుచుకుని మూసుకునే వేగం) బాగా పెంచితే ఫోటో మీద అడ్డ చారలు వస్తాయి. 1/100 సెకను దగ్గర పెట్టి ఒకటి రెండు తీసి చూసుకుంటే సాధారణంగా పోతాయి.

మధుపర్కాల గురించి విడిగా చెప్పాలి. ఎర్ర అంచున్న ఆ తెల్ల నూలుచీర కెమెరాను మోసం చేస్తుంది. ఇంత తెలుపు చూసి వెలుగు ఎక్కువైందనుకుని కెమెరా ఫోటోను మసకబారుస్తుంది. తెలుపు కాస్తా బూడిదరంగవుతుంది, ముఖం నల్లబడుతుంది. పట్టుచీర మీద సరిపోయిన కొలతలతోనే తీస్తూ పోకుండా, చీర మార్చి రాగానే ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటోకు అందే వెలుగును, ముప్పావు నుంచి ఒక స్టాప్ దాకా పెంచండి (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). నేతలోని పోగులు కనిపించేంత వరకే, అంతకు మించితే చీర కాగితమైపోతుంది.

లెన్సులు, ఫోను

35, 50, 85, 70-200. ఇవి మిల్లీమీటర్లలో (ఎం.ఎం.) లెన్సుల కొలతలు, అంకె పెరిగేకొద్దీ దూరంలోవి దగ్గరగా కనిపిస్తాయి. పెళ్లికూతురి ముఖానికి వీటిలో ఏది అని అడిగితే 85 ఎం.ఎం. అంటాను. చిన్న గది అయితే 50. 35తో దగ్గరికెళ్లి ముఖం తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. దాన్ని గది, చుట్టాలు, అద్దం అన్నీ కలిసి కనిపించే ఫోటోలకు వాడుకోండి. 70-200 మండపానికి, అప్పగింతలకు. చిన్న సెన్సారు (వెలుగును పట్టే చిప్పు) ఉన్న కెమెరా అయితే 50 ఎం.ఎం. లెన్సే దాదాపు 75, 80లా పనిచేస్తుంది. మొదటి ఏడాది అదొక్కటీ చాలు.

వెనక భాగం మసకగా రావాలన్న మోజులో అపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచేయడం మరో జబ్బు. ఎఫ్ అంకె ఎంత తగ్గితే ఆ రంధ్రం అంత పెద్దది. 85 లెన్సుతో ఒకటిన్నర మీటరు దూరం నుంచి ఎఫ్ 1.8 పెట్టి తీస్తే స్పష్టంగా వచ్చేది మూడు సెంటీమీటర్ల మందం మాత్రమే. కన్ను పదునుగా ఉంటుంది, బుట్టలు, మాటీలు, పాపిటకు అటూ ఇటూ ఉన్న సూర్యవంక చంద్రవంకలు మంచులో తేలుతాయి. ఆ నగలు అమ్మమ్మవై ఉంటాయి. వాటిని చూపించడం కోసమే తీస్తున్నాం కదా? ఎఫ్ 2.8, ఎఫ్ 4 మధ్య ఉండండి.

స్నేహితురాలో చెల్లెలో ఫోనుతో తీయబోతుంటే వాళ్లకూ ఒక మాట. మామూలు లెన్సుతో ముఖం దగ్గరికి వెళ్లవద్దు. ఫోనులో రెండింతలో మూడింతలో దూరం చూపే లెన్సుంటే దాన్ని పెట్టి, రెండడుగులు వెనక్కి జరగండి. పోర్ట్రెయిట్ మోడ్ వేళ్లతో చెరిపినట్టు మల్లెపూల అంచులను, చెంప మీది సన్నని వెంట్రుకలను మాయం చేస్తుంది. ముఖాన్ని నున్నగా చేసే సౌకర్యం ఉంటే అది కూడా ఆపేయండి. బుగ్గచుక్కను మచ్చనుకుని చెరిపేసిన ఫోనును నేను కళ్లారా చూశాను. ఒక విషయంలో మాత్రం ఫోనుదే పైచేయి. పెద్ద కెమెరా పట్టుకున్న కొత్తవాడు గదిలోకొస్తే అందరూ సర్దుకుంటారు, చెల్లెలి చేతిలో ఫోనును ఎవరూ పట్టించుకోరు. పారాణి పెడుతుండగా కాళ్లు, అమ్మ ముక్కుపుడక సరిచేస్తున్నప్పటి చేతులు, అవన్నీ ఆమెకే దొరుకుతాయి.

ఎటువైపు నిలబడాలి?

కెమెరాలు రెండుంటే సమస్య లేదు, ఒకటి ఇటు, ఒకటి అటు. ఒక్కరే తీస్తుంటే జీలకర్ర బెల్లం వేళ మీరు ఎంచుకోక తప్పదు. శాస్త్రం ప్రకారం కట్టిన మండపంలో వరుడు తూర్పుముఖంగా, వధువు పడమటి ముఖంగా కూర్చుంటారు. ఉదయం ముహూర్తం, తెరిచిన పందిరి అయితే ఎండ వరుడి ముఖం మీద పడుతుంది, అమ్మాయి ముఖం నీడలో ఉంటుంది. ఆ నీడను చూసి భయపడి వరుడి వైపే తీసేవాళ్లున్నారు. నేను వరుడి భుజం వెనకకు చేరతాను. అమ్మాయి వెనకనుంచి వచ్చే ఎండ పూలజడ అంచులను వెలిగిస్తుంది, ముఖానికి సరిపడా ఎక్స్‌పోజర్ పెంచితే వెనకభాగం కాస్త తెల్లబడినా నష్టం లేదు. తెర దిగగానే కళ్లెత్తి చూసే ఆ చూపు మీకు ఎదురుగా ఉంటుంది. స్టేజీ మీద అయితే ఎండ లెక్క ఉండదు, వరుడి భుజం లెక్క మాత్రం మారదు.

మాంగల్యధారణకు అదే స్థలం పనికిరాదు. వరుడు లేచి ఆమె మీదికి వంగుతాడు, అక్షింతలు వేయడానికి చుట్టాలందరూ లేస్తారు, వీడియోవాళ్లు ముందుకు దూకుతారు. మూడు ముళ్లు వేసే చేతులు కావాలా, తల వంచిన అమ్మాయి ముఖం కావాలా? చేతుల కోసం వెనక్కి వెళితే ముఖం పోతుంది. నేను ముఖం వైపే, కాస్త పక్కగా, మోకాళ్ల మీద కూర్చుంటాను. సూత్రం కిందికి దిగేటప్పుడు చేతులు ఎలాగూ ఫ్రేములోకి వస్తాయి. కింద కూర్చోవడంలో ఇంకో లాభం ఏమిటంటే, వెనకనున్న పెద్దవాళ్లు మిమ్మల్ని తిట్టరు. లెన్సుకు హుడ్ (ముందు తొడిగే గొట్టం) తగిలించుకోండి, లేకపోతే అక్షింతలు నేరుగా లెన్సు అద్దానికి తగులుతాయి.

తలంబ్రాలకు షట్టరు వేగం 1/500 సెకను పెడితే ఒక్కో గింజ గాలిలో ఆగిపోతుంది, 1/125 అయితే పసుపు తెరలా జారుతుంది. నాకు గింజలే ఇష్టం. వెలుగు చాలకపోతే 1/200 దగ్గర ఫ్లాష్ వాడండి, అదీ గింజలను ఆపుతుంది. ఈమధ్య బియ్యం బదులు థర్మోకోల్ పూసలు పోస్తున్నారు. అవి జడకు, చీరకు అంటుకుని తర్వాతి ఫోటోలన్నిటిలోనూ కనిపిస్తాయి. అమ్మాయి ఒంటరి ఫోటోలు అంతకుముందే అయిపోవాలనడానికి అదొక కారణం చాలు.

క్యాండిడా, పాత పద్ధతా?

భంగిమలు పెట్టకుండా సహజంగా దొరికిన క్షణాలను పట్టేది క్యాండిడ్. ఏది కావాలన్నది కుటుంబాలు తేల్చుకోవాల్సింది. ఇద్దరినీ పెట్టుకునే స్తోమత ఉంటే పెట్టుకోండి. ఒక్కరితో సరిపెట్టుకోవాలంటే, నేను క్యాండిడ్ తీసేవాడినే అయినా, వరుసగా ప్రతి ఘట్టాన్నీ, ప్రతి చుట్టాన్నీ వదలకుండా తీసే పాత పద్ధతి మనిషినే పెట్టుకోమంటాను. కన్యాదానం ఫోటో లేకపోతే ఏ చిరునవ్వుతోనూ ఆ లోటు తీరదు. అయితే అతనితో అమ్మాయి కోసం అలంకరణ తర్వాత ముప్పై నిమిషాలు విడిగా కేటాయించే ఒప్పందం చేసుకోండి. అతను లోగడ తీసిన ఏదైనా ఒక పెళ్లి మొత్తం చూపించమనండి. ఏరికోరిన ఇరవై ఫోటోలు ఎవరివైనా బాగానే ఉంటాయి, ఐదు వందలు చూస్తే రాత్రి రెండింటికి అతని చేయి ఎలా ఉంటుందో తెలుస్తుంది. కార్డులు రెండు పట్టే కెమెరా వాడతాడేమో అడగండి, ఒకటి పాడైతే రెండోది ఉంటుంది. ఆల్బం 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు షీట్లయితే సరిగ్గా మధ్యలో మడత వస్తుంది, అక్కడ అమ్మాయి ముఖం పెట్టవద్దని ముందే చెప్పండి. ఎంతమంది పెళ్లికూతుళ్లు ముక్కు మీద మడతతో అల్మారాల్లో ఉన్నారో!

అప్పగింతలకు మాత్రం ఈ పోలికలేవీ పనికిరావు. ఫ్లాష్ తీసేయండి, వీడియో లైటు ఆపమని చెప్పండి, 70-200 లెన్సు పెట్టుకుని కారుకు అవతలి వైపు నిలబడండి. తెరిచిన కారు తలుపు మీదుగా అమ్మాయి ముఖం, ఆమె చేయి వదలని తల్లి చేయి రెండూ కనిపిస్తాయి. నాలుగైదు తీసి కెమెరా దించేయండి. నేనైతే ఆ తర్వాత తీయను.